ఉపయోగం: తెలియదు

యూనివర్సిటీలో ముప్పై ఒక్కేళ్ళు
రాళ్ళకి చీటీలు అంటించాను.
మైదా జిగురు, నల్ల సిరా, ఒక నంబరు.
రాళ్ళ జోగారావు అని పేరు పెట్టింది కుర్రాళ్ళే,
నేను కాదనలేదు.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల వెనక
ఒక మెట్ట.
మ్యాపులో దానికి ఎత్తుంది, పేరు లేదు.
మేకలు కాసే దాలమ్మని అడిగితే
"మెట్టకి పేరేటి బాబూ, మెట్టంటే మెట్టే గదా" అంది.

ఒళ్ళంతా ఖొండలైటు.
ఆ మాట నోరు తిరగడానికి నాకు మూడు నెలలు.
ఒకప్పుడు సముద్రం అడుగు బురదట అది.
భూమి దాన్ని మడిచి కిందకి లాక్కుని
మైళ్ళ లోతున ఉడకేసింది.
కుండ కాలినట్టు కాదు,
కాలి, మెత్తబడి, మళ్ళీ కాలినట్టు.
వంద కోట్ల ఏళ్ళు పైమాటే అనేవారు మేష్టారు
జీతం తేదీ చెప్పినంత తేలిగ్గా.

బురదలోని నాచు పెన్సిలు ముక్కైంది.
రాయి పట్టుకుంటే ఇప్పటికీ వేళ్ళు నల్లబడతాయి.
గార్నెట్లు మాత్రం దానిమ్మ గింజలు:
వానకి ఊడి, గెడ్డలో దొర్లి,
సముద్రం ఒడ్డున ఎర్రచారలై పడుకుంటాయి.
పిల్లలు వాటి మీద గూళ్ళు కడతారు.

ఈ మెట్ట తోడబుట్టింది
దక్షిణ ధ్రువంలో మంచు కింద ఉందట.
పంపకాలు ఎప్పుడో అయిపోయాయి.
చెప్పులు కరిగి కాళ్ళకంటుకునే రోహిణీ ఎండలో
ఆ తోబుట్టువుని తలుచుకుని
మూత తీసిన కూజాలోకి చూసినట్టు
కాసేపు నిలబడేవాణ్ణి.

మెట్ట ముందు దిబ్బలు నిన్నటి పిల్లలు.
సముద్రం వెనక్కి పోయినప్పుడు
గాలి ఎత్తి పోసిన ఇసుక, తర్వాత ఎర్రబడింది.
వాన కోసిన గట్లలో పలుగురాతి పెచ్చులు,
గోరంత, వేలంత.
చూస్తే పెంకు.
ఎండకి ఎత్తి పట్టుకుంటే అంచునంతా గంట్లు,
ఎవరో గొంతుక్కూర్చుని
నాలిక కొంచెం బయటపెట్టి
ఒక్కో పొలుసూ లేపినట్టు.

ఆ ఏడు శ్రావణం ముసురులో
మేష్టారు, కుర్రాళ్ళు జీడిమామిడి కింద టిఫిను విప్పుతున్నారు.
నేను గట్టు దిగువన టేపు చుడుతున్నాను.
దాలమ్మ చూలుమేక అక్కడే పడిపోయింది.
పిల్ల బయటికొచ్చింది గానీ పేగు తెగలేదు.
దాలమ్మ కత్తి కోసం అరవలేదు.
ఎడంచెయ్యి వెనక్కి చాచి
గెడ్డ కడిగిన ఇసుకలో తడిమింది.
దొరికినదాన్ని కొంగుకి తుడిచింది.
ఒక్క కోత.
విసిరేసింది.
మేకపిల్ల తుమ్మింది.

నేను వెళ్ళి ఏరుకున్నాను.
"పెంకట్టుకెల్తావేటి బాబూ?" అని నవ్వింది.

మేష్టారు కొలబద్దతో పట్టి చూసి
ముసురులోనే చెప్పుల్లేకుండా లేచి నిలబడ్డారు.
వేల ఏళ్ళనాటి పనివాడి చెయ్యి, జోగారావ్, అన్నారు.
చెప్పబోయాను.
ఆయన అప్పటికే మిల్లీమీటర్లు చదువుతున్నారు.

చీటీ నేనే రాశాను.
దొరికిన చోటు. లోతు. రాయి. వయసు.
ఉపయోగం అన్న గడిలో
ఆయన చెప్పిందే వేశాను: తెలియదు.

ఇప్పుడు మెట్ట సగమే ఉంది.
మిగతాది కంకరై ఏ రోడ్డు కిందో.
కోసిన పక్క బిస్కెట్టులా పొరలు పొరలుగా కనిపిస్తుంది,
దాని మీద రంగుజెండాలు, ప్లాట్ల నంబర్లు.
అవి నా చేతిరాత కాదు.
దాలమ్మ మేకలు ఇప్పుడు ఎవరివో నాకు తెలీదు.

మొన్న కొత్త అటెండరు పైడిరాజుని బతిమాలి
పద్నాలుగో సొరుగు తీయించాను.
నా జిగురు ఇంకా పట్టుకునే ఉంది.
జేబులో మెట్ట ముక్కొకటి ఉంటే
దాని నల్లటి అంచుతోనే రాశాను:
బొడ్డు కోయడానికి. దాలమ్మ కోసింది. చూశాను.

రాయి కదా, పెన్సిలంత సాఫుగా నడవదు.
చీటీ ఒక మూల చిరిగింది.