రెండో కార్డు

అద్దం రెండింటిలోనూ లేదు.
బినోయ్ సార్‌ది బరువు, మెడ మీద పట్టీ గాటు పడేంత.
నాది టిఫిన్ డబ్బాలో పడుతుంది.
ఆయన దానికి కార్డులు రెండు:
ఒకటి చచ్చినా
ఇంకొకటి పెళ్లిని గుర్తుపెట్టుకుంటుంది.
నా దానికి ఒక్కటే. రువీలో కొన్నాను, సెకండ్ హ్యాండ్.

ఆగస్టు మస్కట్‌లో ఏసీ కారు దిగితే మాత్రం
రెండు లెన్సులకీ ఒకేలా చెమట.
తుడిచే గుడ్డ నా జేబులోదే.

హాల్లో ఆయనది
పరుగెత్తే పిల్ల కన్ను పట్టిందంటే వదలదు.
నాది వెతుక్కుని వెతుక్కుని
వెనకున్న పూలదండ మీద ఆగుతుంది.

తెల్లవారుజామున, గదిలో లైటు వేయకుండా,
పై బంకు మీద పోశెట్టి
ఫోన్లో కూతురి చేత
ఏడో ఎక్కం అప్పజెప్పించుకుంటున్నాడు, గుసగుసగా.
మొహం మీద ఆ కాస్త నీలి వెలుగే.
ఐఎస్ఓ చివరిదాకా తిప్పాను.
ఫోటో నిండా ఇసక.

సార్‌కి చూపించాను.
జూమ్ చేశాడు. మళ్లీ చేశాడు.
"నాయిస్" అన్నాడు.
కారు ఎక్కబోతూ ఆగి,
"దీనికి కాపీ ఉందా?"
లేదన్నాను.
తన కెమెరా పక్క మూత తెరిచి
రెండో కార్డు నా అరచేతిలో పెట్టాడు.