నిప్పు పాఠం

తాడ్వాయి ఆశ్రమ బడి, ఐదో తరగతి.
బీట్ ఆఫీసర్ బోర్డు మీద అడవి గీసి
ఎర్ర సుద్దతో నిప్పంటించాడు.
"అగ్గి ఎవరు పెడతరు?"

చప్పుడు లేదు. ఫ్యాను కూడా ఆగి ఉంది.

చివరి వరసలో మడకం కోసమ్మ లేచింది:
"మా బాపమ్మ, సారూ.
ఇప్పచెట్టు కింద ఆకులు కాలుస్తది,
పువ్వు కనబడాలె గద.
కాని ముందు చుట్టూతా ఊడుస్తది,
నీళ్ల బిందె పక్కన పెట్టుకుంటది,
గాలి లేచిన దినం అగ్గే ముట్టియ్యదు."

ఆయన డస్టర్ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.
బొమ్మ చెరపలేదు.
ఎర్ర మంట చుట్టూ తెల్లగా ఒక గీత గీశాడు,
చీపురు వెడల్పంత.

"రేపు మీ బాపమ్మ బడికొస్తదా?"

"రాదు సారూ. పువ్వు రాలే రోజులు.
మనమే పోవాలె,
కోడి కూయకముందే."