పైడి

కవరు చింపితే కార్డు.
ఉబ్బెత్తు అక్షరాల్లో నా పేరు, తెడ్డు పైడమ్మ.
నాయనమ్మ పేరు.
పాలిటెక్నిక్‌లో హాజరు పిలిచినప్పుడల్లా
వెనక బెంచీలో ఎవరో ఒకరు దగ్గేవారు.
పైడంటే బంగారమని పదో తరగతిలో తెలుగు సారు చెప్పినా
నేను నమ్మలేదు.
బ్యాంకు నమ్మినట్టుంది.

అమ్మ చేతిలో పెట్టాను.
పొలుసు అంటిన బొటనవేలితో అటూ ఇటూ తడిమి
"ఏటే ఇది? ఇందల డబ్బులెవులివి?" అంది.
మనవే అమ్మా, స్కాలర్‌షిప్పువి,
ఎంతుంటే అంతే ఇస్తుంది.
"అయితే నా రొంటి సంచేనన్నమాట," అని
రొయ్యల గంప ఎత్తుకుంది.

ఉన్నదే ఇచ్చేదాని రోషం
జగదాంబ దగ్గర బట్టల కొట్లో చూశాను.
కుర్తీ పన్నెండొందలు.
ఖాతాలో పదకొండొందల నలభై.
మిషను కీచుమంది.
నా వెనక వరసలో ఆరుగురు.
అరవై రూపాయలకి అంత సిగ్గు ఉంటుందని
ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు.
బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను,
పూర్ణా మార్కెట్ దాటేదాకా.

వినీల్‌కి ఆ బాధ లేదు.
తాతయ్య వేసిన డిపాజిట్ మీద తీసుకున్న క్రెడిట్ కార్డు వాడిది.
"కాదు" అనే మాటే రాదు దానికి.
బూట్లు తెచ్చుకున్నాడు, తొమ్మిది వేల రెండొందలు.

కాలేజీ గేటు దగ్గర గొడుగు కింద
టై కట్టుకున్నాయన నన్నూ పిలిచాడు.
సంతకం పెడితే సంచి ఉచితం,
నలభై అయిదు రోజులు వడ్డీ ఊసే లేదు పాపా, అన్నాడు.
మా పేటలో కిరాణా కొట్టు బోర్డు గుర్తొచ్చింది:
ఈరోజు రొక్కం, రేపు అరువు.
ఈయన దాన్నే తిరగేసి రాసుకొచ్చాడు.

శనివారం సాయంత్రం బీచ్‌లో
ముగ్గురికీ కలిపి రెండు మురీ మిక్చర్లు.
వినీల్ ఫోన్లో బిల్లు చూపించాడు.
"మినిమం కడుతూనే ఉన్నా, మూడు నెలలుగా. ఇంకేం కొనలేదు, ఒట్టు."
రుబీనా పొట్లం కాగితం విప్పి
నూనె మరక లేని చోట లెక్క వేసింది.
కట్టింది పదమూడొందల అరవై అయిదు.
తగ్గింది రెండొందల ఎనభై.
మిగతాది ఎక్కడికి పోయిందిరా, అంది.
వాడు మాట్లాడలేదు.
ఇసకలో వట్టి కాళ్ళతో నడుస్తున్నాడు,
తడుస్తాయని
బూట్లు రెండూ చేత్తో పట్టుకొని.

ఇంటికొచ్చి చెప్పాను.
అమ్మ నవ్వలేదు.
నాన్న బోటు ఇంజనుకి షావుకారు దగ్గర
అడ్వాన్సు తెచ్చిన ఏడాది నేను రెండో తరగతి.
అసలు అడగడాయన, ఎప్పుడూ అడగడు,
హార్బర్లో పాట మొదలవకముందే
మా వంజరాలు ఆయన చెప్పిన రేటుకి
ఆయన ఐసుపెట్టెలోకి పోతాయి.
"ఆ కుర్రోడికి సెప్పు,
అడగని అప్పే తీరదని."

అలాగని క్రెడిట్ కార్డు ఒట్టి పాపమని అనను.
ఉద్యోగం వచ్చాక నేనూ తీసుకుంటానేమో.
అప్పుడు బిల్లు తారీకుని
గోడ కేలండర్లో పౌర్ణమి పోట్ల పక్కనే రాస్తాను.
ఆ రోజుకి మొత్తం కడతాను,
లేదా ఆ నెల గీకను.
ఇది ఇప్పుడు చెప్పడం తేలికే, తెలుసు.

వేట నిషేధం రేపట్నుంచి.
బోట్లన్నీ తాళ్ళతో ఒకదానికొకటి ఆనుకున్నాయి.
అమ్మ రొంటి సంచి విప్పి
చెమ్మగిలిన రెండొందల నోటు ఇచ్చింది.
"ఇదీ అందల ఎయ్యి."
ఎందుకైనా మంచిదని
పిన్ నంబరు చెప్పబోయాను.
రెండు చెవులూ మూసుకుంది,
ఉప్పు చేతులతో.