మూడో మలుపు

పళ్లు చేసే పని నాది.
కంటోన్మెంటులో డాక్టరుగారి వెనకగదిలో
ముప్పయ్యేళ్లుగా ఊరివాళ్ల నోళ్లకి
దంతాలు అరగదీస్తున్నాను.
కాబట్టి ఈ కారు అందం గురించి
నా మాట కొంత చెల్లుతుంది.

అరచేతిలో ఇమిడిపోతుంది. పండుమిరప ఎరుపు.
బానెట్ మీది తెల్లచార ఒకచోట వంకర,
అంటించినవాడికి ఆ క్షణాన ఆవులింత వచ్చుంటుంది.
వెండి చువ్వల చక్రాలు. బియ్యపుగింజంత అద్దం.
లోపల డ్రైవరు నడుం దాకానే ఉన్నాడు,
కాళ్లుండాల్సిన చోట మోటారు.
మొహం లేకుండా పంపారు వాణ్ని.
మూడు వెంట్రుకల బ్రష్షుతో
నేనే కళ్లు పెట్టాను, మీసం పెట్టాను.
మీసం పెట్టగానే మా ఆదినారాయణ మావయ్య అయిపోయాడు,
ఇంక చెరపబుద్ధి కాలేదు.

గంటస్తంభం వెనక సందులో
తవిటినాయుడి మోటారు వైండింగు కొట్టు.
పైన మేడగదిలో ప్లైవుడ్ బల్లల మీద
ఎనిమిది అంకెలా మెలితిరిగిన దారి.
నెల్లిమర్ల మిల్లులో పని లేని ఒక వానాకాలం
గాడి కోసి, అంచుల్లో రాగి పట్టీ అంటించాడు.
ఆదివారం రాత్రుళ్లు ఆరుగురం చేరతాం.
ఒకరి వయసు పదకొండు.

మొదటి రాత్రి
తిన్నటి దారిలో దాని పరుగు చూడాల్సింది,
పక్కవీధిలో కుట్టుమిషను నడుస్తున్నట్టు సన్నటి రొద,
దీపం వెలుగు టాపు మీంచి జారి వెనకే పడిపోవడం.
రెండో మలుపు దాటింది.
మూడో మలుపులో గాల్లోకి లేచి
నాయుడి టీగ్లాసు పక్కన వెల్లకిలా పడింది.
రెండు చుట్లు ఊరికే తిరిగి ఆగాయి చక్రాలు.

బోర్లించి చూసి నాయుడు నవ్వాడు.
"అడుగున అయస్కాంతం పెట్టీసినారు.
రాగికి అతుక్కుంటాదేటండీ అది?
ఇనప పట్టాల మీద పుట్టిన బండి ఇది,
మన దారి తెలీదు దీనికి. ఊడదీసీండి."

ఊడదీశాను.
గాలానికి కట్టే సీసం సుత్తితో రేకులా కొట్టి
ఆ ఖాళీలో పరిచాను.
కట్టుడుపళ్లు నున్నచేసే మిషనుతోనే
టైర్లు గుండ్రం చేశాను.
బాడీ మరలు అరచుట్టు వదిలాను, కాస్త ఊగాలి అది.
పళ్లసెట్టుకైనా అంతే,
మరీ బిగిస్తే అన్నం సహించదు.
ముక్కు కింద రెండు రాగిజడలుంటాయి, కరెంటు తాగేవి.
వాటిని సూదితో దువ్వుతాను.
మా అమ్మాయి జడ ఒక్కనాడూ దువ్విన గుర్తు లేదు.

పదకొండు సెకన్ల చుట్టు తొమ్మిదికొచ్చింది,
తర్వాత ఎనిమిదీ నాలుగుకి.
నాయుడి మనవరాలు మోహితది ఏడున్నర.
ఆ పిల్ల బండికి రూపమే లేదు,
సబ్బుపెట్టె మూత, నీలంరంగు సగం దాకా పూసి
విసుగొచ్చి ఆపేసింది.
తలుపుల్లేవు, డ్రైవరు లేడు.
మలుపులో మాత్రం
చెప్పులు విప్పి పరిగెత్తే గుంటలా ఉంటుంది.

మొన్న ఏడో చుట్టు.
ఆమె వెనకే ఉన్నాను, బెత్తెడు దూరం.
మూడో మలుపు.
కరెంటు పోయింది.

ఊరంతా ఒక్కసారి నోరుమూసుకుంది.
ఎవరో ఫోను లైటు వేశారు.
నా కారు అక్కడే ఉంది, మలుపు మధ్యలో,
తోక సగం బయటికి విసిరి,
ముక్కు మాత్రం గాడి వదలకుండా.
అద్దం ఎప్పుడో రాలిపోయింది.
కుడితలుపు మీద ఎరుపు గీసుకుపోయి
కింద తెల్లటి ప్లాస్టిక్కు.
మావయ్యకి ఒకవైపు మీసం లేదు.

నేను మొదట చూసిన అందం అందులో ఏమీ మిగల్లేదు.
అయినా వంగి వంగి చూస్తున్నాను.

"మాస్టారూ," అంది మోహిత చీకట్లోంచి,
"ట్రిగ్గరు ఒగ్గీండి.
కరెంటొచ్చిందంటే ఎగిరిపోద్ది."

అప్పటిదాకా తెలీలేదు,
వేలు ఇంకా నొక్కే ఉందని.