మంట తగ్గియ్యి

నీళ్లు పొయ్యొద్దు అని మొదటే చెప్పింది హుసేనమ్మ.
వెన్న కరిగి, బుస ఆగి,
బాణలి నోరు మూసుకున్నాకనే
గడ్డలు వెయ్యల్ల.

ఆ మాట ఇప్పుడు గోనెగండ్లలో మా వంటింట్లో
నేను సుంకులమ్మకు చెప్తాంటే
"ముప్పై యేండ్లుగా నేను వండింది ఏందంట మరి?" అని
పీట మీద కూర్చొని చూస్తాంది,
చేతులు కట్టుకొని.

కర్నూలు యార్డులో అది మూడో రాత్రి.
నలభై రెండు గోతాలు.
మొదటి దినం వ్యాపారి ఒక గడ్డ గిల్లి చూసి పోయినాడు.
రెండో దినం గిల్లను కూడా గిల్లలే.
మూడో దినం చినుకులు పడితే
నా దుప్పటి తీసి గోతాల మీద కప్పినాను.
నేను తడిసినా మొలకెత్తను కదా.

గేటు బయట, లారీల సందులో
హుసేనమ్మ రొట్టెల పొయ్యి.
జేబులో లెక్క రెండు జొన్నరొట్టెలకు సరిపోయింది,
కూరకు సరిపోలే.
ఊరిమిండి ఉంటే చాలన్నాను.
ఆమె నా గోర్ల కింద మన్ను చూసింది.
"పోయి నీ ఎర్రగడ్డలు నాలుగు తే" అనింది.
"మంచివి కాదు. ఎవరూ కొననివి."

జోడుగడ్డలు తెచ్చినాను.
ఒక పొట్టు కింద ఇద్దరు కాపురముండేవి,
గ్రేడింగు ఆడోళ్లు పక్కకు ఇసిరేసేవి.
నిలువున సన్నగా కోసింది.
నా కండ్లలో నీళ్లు చూసి
"పండించినోడే ఏడిస్తే
కొనేటోడు ఏం చెయ్యల్ల అబ్బయ్యా" అనింది.

మోదుగాకులో మడిచిన వెన్న, నిమ్మకాయంత.
ఉప్పు. అంతే.
పచ్చిమిరపకాయ అడిగినాను.
"ఈ పొద్దుకు వద్దులే."
కర్నూలులో కారం లేని కూర!
జరమొచ్చినోనికి పెట్టేది అనుకున్నాను.

తరువాత ఏమీ జరగలే.
శానాసేపు ఏమీ జరగలే.
ఆమె ఒక కట్టె బయటికి లాగింది.
ఇంకొకటి లాగింది.
"ఇట్లయితే ఏగుతాయా ఇవి?" అన్నాను.
"మంట తగ్గించుకో" అనింది.
అప్పటికి పొయ్యిలో తగ్గించేకి మంటే లేదు.

తెల్లగా ఉండింది అద్దమయింది.
అద్దం బెల్లం పాకం రంగుకు తిరిగింది.
బాణలి నిండుకూ ఉండింది
పిడికెడయి మూలకు ఒదిగింది.

రొట్టె తుంచి అద్దుకొని నోట్లో పెట్టుకుంటే
తీపి.

నారు పోసింది నేను.
వంగి వంగి నాటింది సుంకులమ్మ.
రాత్రి కరెంటుకు లేచి నీళ్లు కట్టింది నేను.
కలుపు తీసి, మందు కొట్టి, పెరికి, కాడ కోసి,
నీడన ఆరబోసి, ఇన్ని చేసినాము గానీ
లోపల ఇది ఉందని మాకు తెలీదు.
మా ఇంట్లో ఎర్రగడ్డంటే
సంగట్లోకి పచ్చిది కొరికేది,
ఘాటుకు ముక్కు చీదేది.
తాలింపులో పడినా అది చిటపటలాడే లోపల
వేరే ఏందో దాని మీద పడేది.

మరుసటి దినం ధర పలికింది.
ఎంతని అడగొద్దు.
బాడుగ, హమాలీ, కమీషను పోను
బస్సు చార్జీ మిగిలింది, ఒక వెన్న పొట్లం మిగిలింది.
హుసేనమ్మకు ఒక సంచి నిండా మంచివి ఇయ్యబోతే
కుమ్మరించి, జోడువే ఏరుకుంది.

ఇదిగో, వెన్న బుస ఆగింది.
గడ్డలు వేసినాను.
గరిటె పెట్టొద్దు అనుకుంటానే పెట్టినాను.
కట్టె లాగల్ల అనుకుంటానే
ఇంకొకటి తోసినాను.
అంచులు నల్లబడినాయి.

"మూడు దినాలు యార్డులో కూర్చున్నోనికి
ముక్కాలు గంట కూర్చునేకి చేతగాలేదా" అని
సుంకులమ్మ లేచి
కట్టె తానే బయటికి లాగింది.

మాడినవి నా పక్కకు తోసింది.
రొట్టె తుంచింది.
నమిలింది.
ఏమీ అనలే.
ఇంకొక తుంచు తుంచింది.

గిన్నె ఇట్ల జరపమంటే
వినపడనట్లుంది.