బిల్లులో లేని చేప

కొళత్తూరు నుంచి వచ్చిన థర్మోకోల్ పెట్టెలో
నియాన్ టెట్రాలు ముప్పై, బిల్లులో రాసినట్టే.
ముప్పై ఒకటోది
కవరు మూలలో, ముడి కింది నీడలో ఉంది.
వేలెడు పొడుగు. తడిసిన ఇటుకపొడి రంగు.
ఒంటి మీద ఒక్క పొలుసు లేదు.

కొర్లగుంటలో మా అంగడి షట్టరు సగమే ఎత్తి
టార్చి వేసి మీసాలు లెక్కబెట్టినాను.
ఆరు.
ఇంకోసారి లెక్కబెడితే ఎనిమిది.
ముక్కు దగ్గరి రెండూ వెంట్రుకకన్నా సన్నం,
తిండి వాసన తగిలితే తప్ప
అవి ఉన్నాయని అది ఒప్పుకోదు.

"పేరు లేకుంటే రేటెట్ల చెప్పేది వసుంధరా?
కోరీ అని రాయి, నలభై" అన్నాడు దొరసామన్న.
కోరీకి ఒంటినిండా పలకలుంటాయి,
కవచం తొడుక్కున్నట్టు.
దీనికి తోలు తప్ప ఏం లేదు.
నలభై రూపాయలకి అబద్ధం రాయబుద్ధి కాక
గడి ఖాళీగా వదిలినాను.

పెట్టెలు దించిన డ్రైవరు "కెళుత్తి" అని
బొటనవేలు మీద పాత మచ్చ చూపించినాడు.
కల్యాణి డ్యాం చేపలు గంపలో అమ్మే రెడ్డెమ్మ
అద్దానికి ముక్కు ఆనించి
"జెల్లే మే. పులుసుకి చాలదు" అని
గంప ఎత్తుకుని పోయింది.
ట్యూషన్ బ్యాగు పిల్లోడు దెయ్యం చేపన్నాడు.
టీవీలో చూసినాడంట.

జువాలజీ సారు హిదయతుల్లా
స్కూటరు స్టాండు వేయకముందే అడిగినాడు:
"వీపు రెక్కలో పుల్లలెన్ని?
కొవ్వు రెక్క యాడ మొదలై యాడ ఆగుతుంది?"
గంటన్నర కూర్చున్నాం ఇద్దరం,
ఫోటో తీసి, పెద్దది చేసి, మళ్లా తీసి.
ఒక ముల్లు, ఏడు పుల్లలు.
అది పైపుముక్కలోకి దూరినప్పుడల్లా లెక్క మొదటికొచ్చేది.
మూడు పేర్లు చెప్పినాడు, నాకు నోరు తిరగనివి,
మూడూ తనే కొట్టేసినాడు.
"ఖాయంగా చెప్పాలంటే ఫార్మలిన్‌లో వేయాలమ్మా.
పుర్రె మీది గాడి ఎంతదూరం పోయిందో చూడాలి,
పళ్ల వరస చూడాలి" అని
చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

చంపితే పేరొస్తుంది.
బతికుంటే "లాంటిది".
రేషన్ కార్డులో నేను వసుంద్ర, ఆధార్‌లో వసుందరమ్మ,
అయినా బియ్యం తింటానే ఉండాను గదా.
"వద్దు సార్" అన్నాను.
ఆయన మొహంలోది బాధో, నెమ్మదో
ట్యూబులైటు నీలం వెలుతుర్లో తెలీలేదు.

ఆ వారమంతా పొద్దున్నే నియాన్లు లెక్కబెట్టినాను.
ముప్పై. ఇరవై ఆరు. ఇరవై ఆరు. పంతొమ్మిది.
శవాల్లేవు, ముళ్లు లేవు,
పైపులో ఒక పొట్ట మాత్రం
నూనెలోంచి అప్పుడే తీసిన పూరీలా.
అయితే ఒకటి తెలిసింది దీన్ని గురించి:
రాత్రి లేస్తుంది.

వలతో పట్టి వేరే తొట్టికి మార్చేటప్పుడు
గుర్ర్ మంది, తుప్పు పట్టిన గొళ్లెంలా.
రెక్కముల్లు కీలులో రాపిడి, అంతే, అన్నాడు సారు.
అది తన పేరు చెప్పుకుంటోందని నేనూ అనుకోలేదు.
వదలమంటోంది అనుకున్నాను.

స్టాకు పుస్తకంలో ఇప్పుడిట్లా ఉంది:
రకం, గీత.
మీసాలు ఎనిమిది, ఆరు అనిపిస్తాయి.
తిన్నవి పదకొండు. దొరసామన్నకి చెప్పలేదు.
రేటు, అమ్మం.

నిన్న తోక మొదట్లో నల్లమచ్చ కనపడింది.
ముందు లేదు. లేదా నేను చూడలేదు.
సారుకి ఫోన్ చేస్తే
మజ్జిగన్నం ముందు నుంచి లేచినట్టున్నాడు,
"ఉండు ఉండు, గుండ్రంగానా, అడ్డంగానా?"
టార్చి తీసుకుని వంగినాను.

అది పైపులో ఉంది.
మీసం ఒకటి బయట.