కాకరకాయ వేషం

చీటీల డబ్బాలో చెయ్యి పెట్టి
మా మైలిన్ తెచ్చుకున్నది కాకరకాయ.
మామిడిపండు మందుల షాపాయన మనవరాలికి పోయిందట,
గుమ్మడికాయ ఆ బొద్దు కవలల్లో ఒకడికి.
ఇంటికి రాగానే బల్ల కింద దూరి
"నేను చేదుగా ఉండను" అంది.
జులై నెల, ఇలోయిలో మీద ఆకాశానికి చిల్లు,
బళ్లో ఆహార వారోత్సవం రేపు పొద్దున్నే.

ప్లాజా పక్క దుకాణంలో
వేషం అద్దె మూడువందల యాభై పేసోలు.
నా మూడు చక్రాల బండి
మోలో నుంచి ఎన్నిసార్లు తిరిగొస్తే అంతవుతుందో
నాకు వేళ్ల మీది లెక్క.
తెల్లవారుజామున రెండింటికి చేపల రేవుకు పోవాల్సిన రోవేనా
"నీకు చేతులున్నాయిగా" అని
అటు తిరిగి పడుకుంది.

చేతులున్నాయి. బియ్యం సంచి ఉంది.
అడుగు కోసి తలకు దారి చేశాను,
పక్కన చేతులకు రెండు కిటికీలు.
అక్షరాలు లోపలికి పోయేలా తిరగేశాను,
పిల్ల వీపు మీద యాభై కిలోలని ఉంటే ఏం బాగుంటుంది?
లోపల గుచ్చుకోకుండా అస్తరు
ఎన్నికల్లో పంచిన బనియను.
గెలిచినాయన ఇన్నాళ్లకు
మా ఇంటికి పనికొచ్చాడు.

అంతా అయింది గానీ
కాకరకాయకు ఒంటినిండా బుడిపెలు కదా.
అక్కడ ఆగిపోయాను.
కత్తెర చేత్తో పట్టుకుని చాలాసేపు ఆగిపోయాను.

ఎదురింటి ఎపాంగ్ గుడ్లమ్ముతుంది.
వానలో పరిగెత్తి, తలుపు కొట్టి, తిట్లు తిని
ఖాళీ గుడ్ల అట్టలు ఆరు తెచ్చాను.
బోర్లిస్తే ప్రతి గుంటా ఒక బుడిపె!
దేవుడు కూడా కాకరకాయను
ఇలాగే ఏ అర్ధరాత్రో
చేతికందిన దానితో చేసి ఉంటాడు.

అన్నం మెతుకుల జిగురు పట్టలేదు.
గాలం దారంతో కుట్టాను,
వంకర కుట్లు, చేపలు నవ్వే కుట్లు.
బండికి వేయగా మిగిలిన పచ్చ పెయింటు
పైన మీగడ కట్టి, కింద పావు డబ్బా ఉంది.
మీగడ తీసి పూశాను.
ఫ్యాను ముందు నిలబెడితే
ఒరగదు, కూర్చోదు,
తల లేని చుట్టంలా
రాత్రంతా గదిలో నిలబడింది.

పొద్దున బల్ల కింది మనిషి
నిద్రమొహంతో వచ్చి పొట్ట మీద నొక్కింది.
ఇంకా ఆరలేదు.
దాని వేలిముద్ర అక్కడే ఉండిపోయింది.

గేటు నుంచి మంటపం దాకా నడవాలి,
ఆ నాలుగడుగుల్లోనే వాన అందుకుంది.
ముడతల కాగితం టమాటా ఎర్రగా కారింది,
మామిడిపండు తెల్ల మేజోళ్లు పసుపయ్యాయి,
తల్లులు గొడుగులతో అటూ ఇటూ పరుగులు.
మా కాయ మీద చినుకులు పడి
జారి పోయాయి.

టీచర్ ఫ్లోర్డెలీసా మైకు కిందికి దించింది.
ఒకే ఒక్క మాట, వారం రోజులు బట్టీ పట్టిన మాట:
"నేను చేదు, కానీ మేలు చేస్తాను."
మైలిన్ మైకు చూసింది, జనాన్ని చూసింది,
వెనక వరుసలో నన్ను వెతికి పట్టుకుని
"మా నాన్న బండి కూడా ఇదే రంగు" అంది.
అందరూ వెనక్కి తిరిగారు.
నేను నా గోళ్లు చూసుకున్నాను,
పదింటి కిందా పచ్చ.

బహుమతి వంకాయకు వచ్చింది.
న్యాయమే, ఆ తొడిమ నిజంగా బాగా కుదిరింది.

సాయంత్రం కిరసనాయిలు గుడ్డతో
మెడ మీది రంగు తుడుస్తుంటే
"వచ్చే ఏడు నన్నేం చేస్తావ్?" అంది.
"చీటీలో ఏమొస్తే అది."
"ఉల్లిపాయ వస్తే?"
ఆ మాటకు నా దగ్గర సంచి లేదు.

రాత్రి పళ్లెంలో కాకర ముక్క ఒకటి
నోట్లో పెట్టుకుని, మొహం ముడిచి,
అరచేతిలోకి ఊసేసింది.
పారెయ్యలేదు.
దీపం దగ్గరగా పెట్టుకుని
దాని బుడిపెలు
ఒక్కొక్కటే లెక్కపెడుతూ కూర్చుంది.